టైర్ల కోసం 401(కె) ఆపాలా? ముందు కాటా ఎక్కించండి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 2019 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఉంది. ఈ మధ్యే ఒక పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి) కొన్నాను. ఖాళీ బరువు 4,700 పౌండ్లు. జూన్‌లో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లిద్దరూ, మేమిద్దరం, పిల్లలిద్దరూ కలిసి కొలరాడోలోని ఎస్టెస్ పార్క్ దాకా వెళ్లాలని ప్లాన్. ట్రైలర్ లాగాలంటే ‘లోడ్ రేంజ్ ఈ’ (ఎక్కువ బరువు మోసే రకం) ఆల్-టెరైన్ (మట్టిదారులకూ పనికొచ్చే) టైర్లు వేయించాలని టైర్ల షాపులో చెప్పారు. నాలుగింటికీ 1,650 డాలర్లు. ఇప్పుడున్న టైర్లు సగం కూడా అరగలేదు. షాపు కార్డు తీసుకుంటే 12 నెలలు వడ్డీ లేదంటున్నారు. లేదా రెండు నెలలు 401(కె)లో, అంటే రిటైర్మెంట్ పొదుపులో, వేయడం ఆపేసి కట్టేద్దామా అనుకుంటున్నాను. మా ఆవిడ అసలు అవసరమే లేదంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ సగం కరెక్టు. షాపువాళ్లు పావు వంతు. మిగతా పావు మీ ట్రక్కు డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంది. మీరు పంపిన ఫోటోలో అది స్పష్టంగా కనిపిస్తోంది: మనుషులు, సామాను కలిపి 1,520 పౌండ్లు దాటకూడదు. పక్క స్టిక్కర్‌లో వెనక ఇరుసు పరిమితి 4,050 పౌండ్లు. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

మా మేనమామకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఉండేది. బయల్దేరే ముందు క్లీనర్ చేతిలో ఇనుపరాడ్ పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునూ కొట్టి, శబ్దాన్ని బట్టి గాలి ఎంతుందో చెప్పేవాడు. టైరు కంపెనీ ఏమిటని మామయ్య ఎప్పుడూ అడగలేదు. ఆయన అడిగేవి రెండే: లోడు ఎంత, గాలి ఎంత. అమెరికాలో ట్రక్కు కొన్న మనవాళ్లు ఈ రెండూ తప్ప మిగతావన్నీ అడుగుతారు.

మీ బండికి ఇప్పుడున్నది పీ275/65ఆర్18, లోడ్ ఇండెక్స్ 116. అంటే ఒక్కో టైరు 2,756 పౌండ్లు మోస్తుంది. ‘పీ’ అంటే ప్యాసింజర్ రకం. దాన్ని ట్రక్కుకు వేస్తే ఆ సామర్థ్యాన్ని 1.1తో భాగించి చూడాలన్నది నియమం. అప్పుడు 2,505 వస్తుంది. వెనక రెండు టైర్లకూ కలిపి 5,010. మీ వెనక ఇరుసు పరిమితి 4,050. టైర్లకు ఇంకా దాదాపు వెయ్యి పౌండ్ల వెసులుబాటు ఉందన్నమాట. ట్రైలర్ కట్టగానే బరువుకు ఈ టైర్లు చాలవన్న మాట మీ బండి విషయంలో నిజం కాదు.

అసలు సమస్య టైర్లలో కాదు, ఆ 1,520లో ఉంది. లెక్క వేద్దాం. మీరిద్దరూ 320 పౌండ్లు, పిల్లలిద్దరూ 125, అమ్మానాన్న 310 అనుకుంటే 755. ట్రైలర్ ఖాళీగా 4,700 అన్నారు. నీళ్లు, గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, బట్టలు, వంట సామాను ఎక్కాక 5,900 అవుతుందని నా అంచనా. ట్రావెల్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాని ముక్కు మీదుగా ట్రక్కు మీద పడుతుంది. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. 13 శాతం వేసుకుంటే 767. (బ్రోషర్‌లో రాసే టంగ్ వెయిట్ ఖాళీ ట్రైలర్‌ది. అది నమ్ముకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, నాతో సహా.) ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి బరువును సర్దే కొక్కెం, అంటే హిచ్, ఒక 90. వెనక కూలర్, జనరేటర్, అమ్మ తప్పకుండా ఎక్కించే బియ్యం సంచీ, కుక్కర్, పచ్చళ్లు కలిపి 150. మొత్తం 1,762. పరిమితి కంటే 240 పౌండ్లు ఎక్కువ. మంచి హిచ్ కొంత బరువును తిరిగి ట్రైలర్ ఇరుసుల మీదకు నెడుతుంది కానీ మొత్తం తేడాను అది పూడ్చదు.

ఎంత ఖరీదైన టైరు వేసినా ఆ 1,520 పెరగదు. అది ఫ్రేమ్, స్ప్రింగులు, బ్రేకులు, ఇరుసు అన్నీ చూసి కంపెనీ ఇచ్చిన అంకె. పైగా ‘లోడ్ రేంజ్ ఈ’ టైరు ఇప్పటి టైరు కంటే ఒక్కోటి పది పౌండ్లకు పైగానే బరువు ఉంటుంది. ఆ బరువూ మీ 1,520లోంచే పోతుంది. 1,650 డాలర్లు పెట్టి మోయగలిగేది తగ్గించుకుంటామన్నమాట!

మరి షాపువాళ్లకు పావు మార్కులు ఎందుకిచ్చాను? వాళ్లు చెప్పిన ‘లోడ్ రేంజ్ ఈ’ ఎల్‌టీ టైరు, అంటే లైట్ ట్రక్ రకం. దాని పక్క గోడలు గట్టిగా ఉంటాయి. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ట్రక్కు వెనక భాగం అటూ ఇటూ మెత్తగా కదలడం తగ్గుతుంది. ట్రైలర్ లాగేవాళ్లు దీన్ని స్టీరింగ్‌లోనే గుర్తుపడతారు. కంకర రోడ్డు మీద పంక్చర్లూ తక్కువ. ఇవి నిజమైన లాభాలే. కానీ సగం కూడా అరగని టైర్లు పారేసి ఈ జూన్‌లోపు కొనాల్సినంత అవసరం మీకు లేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దీన్ని కాస్త నిదానంగా చదవండి. మీ పాత టైరు 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలితో మోసే 2,505 పౌండ్లను అదే సైజు ఎల్‌టీ టైరు మోయాలంటే దాదాపు 50 పీఎస్ఐ కావాలి. 50 దగ్గర అది 2,535 మోస్తుంది. 80 పీఎస్ఐ కొడితేనే 3,415కు వెళ్తుంది. షాపులో కుర్రాళ్లు టైరు మార్చాక తలుపు స్టిక్కర్ చూసి 35 కొట్టి పంపిస్తారు. అప్పుడు మీరు గట్టి టైరుకు డబ్బు కట్టి, దాన్ని తక్కువ గాలితో, టెక్సస్ ఎండలో, ట్రైలర్ కట్టుకుని నడుపుతున్నారన్నమాట. తక్కువ గాలి, ఎక్కువ బరువు, వేడి: టైరు పేలడానికి ఈ మూడూ కలిస్తే చాలు. 2000లో ఫైర్‌స్టోన్ లక్షల టైర్లు వెనక్కి పిలవాల్సి వచ్చిన గొడవ గుర్తుందా? ఆ తర్వాతే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. మన డాష్‌బోర్డు మీద గాలి తగ్గితే వెలిగే పసుపు లైటు దాని చలవే. కానీ ఆ లైటు పాత అంకెను బట్టే వెలుగుతుంది. ఎల్‌టీకి మారాక దాన్ని నమ్ముకోవడానికి లేదు.

ఇక ఆల్-టెరైన్ సంగతి. మీరు వెళ్లే దారి చూశాను: డెకేటర్ దగ్గర 287 హైవే ఎక్కి, విచిటా ఫాల్స్, చిల్డ్రెస్, అమరిల్లో, అక్కణ్నుంచి 87 మీద డాల్‌హార్ట్, రాటన్ కనుమ, ఆపైన ఐ-25. మొత్తం నున్నటి తారు, కాంక్రీటు. పెద్ద బటన్లున్న టైరుకు ఆ దారిలో పనేమీ లేదు. అది పనికొచ్చేది అడవి దారుల్లో, వాన పడ్డాక క్యాంప్‌గ్రౌండ్ ఎర్రమట్టిలో, మంచులో. కొలరాడోలో ఐ-70 మీద సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు టైర్ల నియమం ఉంది నిజమే. మీరు వెళ్లేది జూన్‌లో, అదీ వేరే రోడ్డు మీద. ఆల్-టెరైన్ వేస్తే బండి పెట్రోలు కూడా కాస్త ఎక్కువే తాగుతుంది. గ్యాలన్‌కు 19 మైళ్లు ఇచ్చే బండి 18 ఇస్తుందనుకుందాం. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 35 గ్యాలన్లు అదనం. గ్యాలన్ మూడు డాలర్ల లెక్కన 105 డాలర్లు. నాలుగేళ్లకు ఇంకో టైరు ధర. చూడ్డానికి బాగుంటుందని కొంటే కొనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దాన్ని సేఫ్టీ ఖర్చు కింద రాయకండి, సరదా ఖర్చు కింద రాయండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ముందు 401(కె). మీ కంపెనీ జీతంలో 4 శాతం దాకా డాలర్‌కు డాలర్ కలుపుతుందని రాశారు. మీ నెల జీతం 9,500 మీద అది 380. రెండు నెలలు ఆపితే 760 డాలర్లు కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. 1,650 టైర్లు 2,410 అవుతాయి. ఈ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

షాపు కార్డు ఇంకొంచెం తెలివైన ఉచ్చు. ‘12 నెలలు వడ్డీ లేదు’ అనే మాట పక్కన చిన్న అక్షరాల్లో ‘మొత్తం కట్టేస్తే’ అని ఉంటుంది. వడ్డీ లేకపోవడం కాదది, వాయిదా వేయడం. 12వ నెల చివర వంద డాలర్లు మిగిలినా చాలు, మొదటి రోజు నుంచి లెక్కగట్టి దాదాపు 30 శాతం వడ్డీ వేస్తారు. మీ మొత్తానికి అది 250 డాలర్లు దాటుతుంది. స్టేట్‌మెంట్‌లో చూపించే కనీస మొత్తం కట్టుకుంటూ పోతే 12 నెలల్లో అప్పు తీరదు. అలా తీరకుండానే దాన్ని పెడతారు. నా దగ్గరకు వచ్చినవాళ్లలో దీనికి దొరికిపోయినవాళ్లు చదువు రానివాళ్లేమీ కాదు. ఎక్సెల్‌లో నన్ను మించినవాళ్లు.

అయితే వెంటనే ఖర్చు పెట్టాల్సింది ఒకటుంది. మీరు దాని గురించి అడగనే లేదు. ట్రైలర్ టైర్లు. ఫోటోలో టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర 2218 అని ఉంది. అంటే 2018లో 22వ వారం తయారైంది. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయని రాశారు. ఉంటాయి. ట్రైలర్ ఏడాదిలో పది నెలలు ఎండలో నిలబడే ఉంటుంది, టైరు అరగదు, లోపల రబ్బరు మాత్రం ఎండిపోతుంది. ఈ రకం టైర్లను ఐదారేళ్లకు మార్చేయాలి.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. చిల్డ్రెస్ దాటాక ఒక జులై మధ్యాహ్నం నా ట్రైలర్ కుడివైపు టైరు పేలింది. గాడుల్లో పిల్లలు పావలా బిళ్ల పెడితే సగం మునిగేంత లోతుంది. వయసు మాత్రం ఏడేళ్లు. ఊడిన రబ్బరు పట్టా చక్రం తిరిగినప్పుడల్లా కొట్టి కొట్టి ఫెండర్‌ను చీల్చి, లోపల అల్మరా అడుగు పైకి లేపేసింది. రోడ్డు సహాయం బండి కోసం మూడు గంటలు గడ్డిలో కూర్చున్నాం. టైరు నూటపది డాలర్లు, రిపేరు రెండు వేల పైన. మా అబ్బాయి ఇప్పటికీ ఆ ఊరి పేరెత్తితే నవ్వుతాడు. నాకింకా నవ్వు రాదు.

మీ ట్రైలర్‌కు ఎస్‌టీ205/75ఆర్14 వేసుంది (ఎస్‌టీ అంటే ట్రైలర్ రకం). లోడ్ రేంజ్ సీ అయితే ఒక్కోటి 1,760 పౌండ్లు, డీ అయితే 2,040. డీ తీసుకోండి, ధరలో తేడా పెద్దగా ఉండదు. అయితే డీకి 65 పీఎస్ఐ గాలి కావాలి, ఇప్పుడున్న రిమ్ము అంత గాలికి తట్టుకుంటుందో లేదో దాని వెనక ముద్రించి ఉంటుంది, చూసి కొనండి. నాలుగింటికీ 500 డాలర్ల దగ్గర పెట్టుకోండి. ట్రైలర్ వెనక ఉన్న స్టెప్నీ తేదీ కూడా చూడండి, అది కూడా ఆ నాలుగింటి తోబుట్టువే అయ్యుంటుంది.

వీటికంటే ముందు ఒక శనివారం పొద్దున్నే అందరూ ఎక్కి, ట్రైలర్ పూర్తిగా నింపుకుని, దగ్గర్లో ఉన్న ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీదకు వెళ్లండి. మన ఊళ్లో వేబ్రిడ్జి లాంటిదే. కాకపోతే ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ మూడూ విడివిడిగా చూపిస్తుంది. తర్వాత ట్రైలర్ విప్పి ట్రక్కును ఒక్కదాన్నే మళ్లీ తూయండి. రెండు చీటీలకూ కలిపి పాతిక డాలర్లు దాటదు. ఆ తేడాలో టంగ్ వెయిట్ తెలిసిపోతుంది. నా అంచనాలన్నీ పక్కన పెట్టి ఆ చీటీని నమ్మండి.

చీటీలో కూడా 1,520 దాటితే దారి ఒకటే, అది చవక కూడా. మీ ఇంట్లో హోండా ఒడిస్సీ వ్యాన్ ఉందన్నారు కదా. అమ్మానాన్న, చిన్నమ్మాయి మీ ఆవిడతో దాంట్లో వస్తారు. మీరూ పెద్దబ్బాయీ ట్రక్కులో. అప్పుడు ట్రక్కు మీద బరువు 1,260 దగ్గరికి దిగుతుంది. రానూపోనూ, అక్కడ తిరగడం కలిపి 2,000 మైళ్లు వేసుకున్నా గ్యాలన్‌కు 25 మైళ్ల లెక్కన 80 గ్యాలన్లు, 240 డాలర్లు. డెబ్బై ఏళ్ల మనిషి పద్నాలుగు గంటల దారిలో ట్రక్కు ముందు సీటు మధ్యలో కాళ్లు ముడుచుకుని కూర్చునే బాధ కూడా ఉండదు. ఎస్టెస్ పార్క్‌లో ట్రైలర్ విప్పాక రెండు బండ్లు ఉండటం ఎంత హాయో వెళ్లాక మీకే తెలుస్తుంది.

టైర్ల కోసం ఈ నెల నుంచి వేరే సేవింగ్స్ ఖాతాలో నెలకు 40 డాలర్లు ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. ట్రక్కు టైర్లకు 30, ట్రైలర్ టైర్లకు 10. ఇప్పుడున్నవి అరిగేలోపు చాలా భాగం పోగవుతుంది, మిగతాది బోనస్‌లోంచి వేయొచ్చు. అప్పుడు కొనేటప్పుడు ఎల్‌టీ హైవే రకం అడగండి. ఏటా కొలరాడో అడవి దారులు తిరగాలని అప్పటికి నిర్ణయించుకుంటే ఆల్-టెరైన్, అదీ పర్వతంలో మంచు రేకు గుర్తు ఉన్నది. వారంటీ మైళ్లు మాత్రం మీ సైజుకే రాసినవి చూడండి. ఒకే టైరు పేరుకు రెండు వారంటీలు ఉంటాయి: టోయో ఓపెన్ కంట్రీ ఏ/టీ 3 పీ రకానికి 65,000 మైళ్లు ఇస్తే ఎల్‌టీకి 50,000. ప్రకటనలో పెద్దగా కనిపించేది మొదటిది.

ట్రైలర్‌కు కొత్త టైర్లు వేయించాక 50 మైళ్లు వెళ్లి ఆగి నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించండి. ఫ్రిస్కో నుంచి బయల్దేరితే డెకేటర్ దాదాపు అంతే దూరం. అక్కడ ఎలాగూ టీ కోసం ఆగుతారు.