విరిగిన ఫైలూ, విప్పాల్సిన నోరూ

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎథిక్స్ ట్రైనింగ్‌లో చెప్పినవన్నీ తెలిసిన సంగతులే అనిపించాయనీ, తీరా పై దవడ పన్నుకు రూట్ కెనాల్ చేస్తూ, వేరు లోపలి సన్నటి దారి, అదే నాలుగో కెనాల్, దొరక్క చెమటలు పడుతున్నప్పుడు అందులో ఒక్క ముక్కా అక్కరకు రాలేదనీ రాశావు. నాకూ అలాగే అనిపించేది. క్లాసులో నిజాయితీ అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది. మన పనిలో అది రెండు మూడు మిల్లీమీటర్ల లెక్కగా వస్తుంది, అందుకే చటుక్కున గుర్తుపట్టం.

నాకు ఎదురైంది మూడు మిల్లీమీటర్లు. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో, కింది దవడ పన్ను, ముందు వేరు బాగా వంపు తిరిగి ఉంది. కెనాల్‌ను గీకి శుభ్రం చేసే సూదిలాంటి ఫైల్ బయటికి తీస్తే పొట్టిగా కనిపించింది. స్కేలు మీద పెట్టి చూశాను. ఇరవై ఐదు ఉండాల్సింది ఇరవై రెండే ఉంది. కొన విరిగి కెనాల్‌లోనే ఉండిపోయింది. పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా నోటికి అడ్డంగా కట్టే రబ్బరు తెర, రబ్బర్ డ్యామ్, వేసి ఉండటంతో పేషెంట్ మాట్లాడలేడు, నా కళ్లకేసే చూస్తున్నాడు. నేను ఆ ఫైల్‌ని ట్రేలో పెట్టి పైన గాజుగుడ్డ కప్పేశాను. ముక్క ఉన్నంత మేర వదిలి, పైభాగం నింపి, "అయిపోయిందండీ" అన్నాను. కొన్నాళ్లకు పన్ను కింద వాచి ఆయన ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఎక్స్‌రేలో ముక్క కనబడింది. మళ్లీ నా దగ్గరికి వచ్చి పన్ను గురించి ఒక్క మాటా అడగలేదు. "మీకు ఆ రోజే తెలుసా?" అన్నాడు, అంతే.

ఫైల్ విరగడం నేరం కాదమ్మా. ఎంత చేయి తిరిగినవాళ్ల చేతిలోనైనా విరుగుతుంది. పైగా ఆ లోహపు ముక్క వల్ల పన్ను పోదు. ముక్కకు అవతల శుభ్రం కాకుండా మిగిలిన సూక్ష్మజీవులతోనే గొడవ. కెనాల్ చాలావరకు శుభ్రమయ్యాక విరిగి, వేరు కొన దగ్గర ఇన్ఫెక్షన్ లేకపోతే చాలా పళ్లు ఏళ్ల తరబడి నిక్షేపంగా ఉంటాయి. మొదట్లోనే విరిగి, కొన దగ్గర అప్పటికే చీము ఉంటే కథ వేరు. ఈ తేడా పేషెంటుకు తెలియాలి. ముక్కను పక్కనుంచి దాటి వెళ్లొచ్చు, తీయొచ్చు, వదిలేసి గమనించొచ్చు. తీయబోతే వేరు గోడ అరిగి పన్ను బలహీనపడొచ్చు. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కుర్చీ నిటారుగా లేపి, డ్యామ్ తీసి, మాస్క్ దించి చెప్పు. పడుకోబెట్టి, నోట్లో గొట్టాలు పెట్టి చెప్పింది చెప్పినట్టు కాదు. ఏ కెనాల్‌లో, ఏ సైజు ఫైల్, ఎంత ముక్క అన్నది ఆ రోజే కేసు షీటులో రాసి, ఎక్స్‌రే జతచెయ్యి.

అసలు మాట ముందే చెప్పడం ఇంకా తేలిక. పన్ను తెరవకముందే ఎక్స్‌రే సగం కథ చెప్పేస్తుంది. కెనాల్ గీత సగంలో మాయమైందా, వేరు కొన వంగిందా, క్యాప్ కింద పన్ను ఒరిగి ఉందా? ఇవి కనిపిస్తే "ఇది కష్టమైన కేసు, నాకంటే రూట్ కెనాల్ స్పెషలిస్టు, ఎండోడాంటిస్ట్, చేస్తే మంచిది" అనడం చిన్నతనం కాదు. పన్ను లోపలి గది అడుగుకు చిల్లు పెట్టాక పంపితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? అలాగే, మిగిలిన పన్ను క్యాప్‌ను మోయలేదని తెలిసినప్పుడు రూట్ కెనాల్ మొదలుపెట్టకు. పీకించుకోవడం కూడా ఒక దారేనని చెప్పు. క్లినిక్ ఓనరు కేసు బయటికి పోయిందని మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ.

రబ్బర్ డ్యామ్ వేసే టైమ్ లేదన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను. 1864 నుంచీ మన చేతిలో ఉన్న వస్తువు అది. ఫైల్ గొంతులోకి జారినా, కెనాల్ కడిగే హైపోక్లోరైట్ మందు నోట్లోకి కారినా అప్పుడు పోయే టైమ్ లెక్కేసుకో.

ఇక నీ పేషెంట్ సంగతి. పై మొదటి దవడ పన్నుకు వేర్లు మూడే అయినా కెనాల్స్ చాలాసార్లు నాలుగుంటాయి. ఆ నాలుగోది సన్నగా, పక్కకు దాక్కుని ఉంటుంది. మైక్రోస్కోప్ లేకుండా ఇంకా తవ్వొద్దు. తాత్కాలిక ఫిల్లింగ్ వేశావు కదా, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈరోజే ఫోన్ చెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పి పంపించు. రిఫరల్ లెటర్‌లో "కెనాల్ దొరకలేదు" అని ఊరుకోకుండా, ఎక్కడ వెతికావో, ఎంత లోతు తవ్వావో కూడా రాయి. అవతల చేసేవాళ్లకు కావాల్సింది అదే.

మామయ్య