చిన్న పిల్లలతో సొంత తెరచాప పడవలో రాత్రంతా సముద్రం మీద వేరే దేశానికి వెళ్లడం మూర్ఖత్వం కాదా?

మూర్ఖత్వం అంటున్నవారిలో ఒక్కరైనా ఆ పడవ ఎక్కారా? నేను ఎక్కాను. హనుమకొండలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. భద్రకాళి చెరువు గట్టు మీద పొద్దున్నే నడవడం తప్ప నీళ్లతో నాకు సంబంధం లేదు, ఈత అసలే రాదు. అయినా రెండేళ్ల కిందట జులైలో మా అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ల మనవరాలు, ఆరేళ్ల మనవడితో కలిసి ఇంగ్లండ్‌లోని లిమింగ్టన్ నుంచి ఫ్రాన్స్‌లోని షెర్బూర్‌కు వెళ్లాను. పడవ పొడవు పది మీటర్లు. నీడిల్స్ అనే సుద్దరాళ్ల దగ్గర తీరం వదిలితే అక్కడి నుంచి నేరుగా దక్షిణానికి 60 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 110 కిలోమీటర్లు. వరంగల్ నుంచి హైదరాబాద్ అంత కూడా కాదు. కానీ గంటకు ఐదారు మైళ్లు నడిచే పడవకు అది ఒక రాత్రి పని.

పిల్లల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. చీకటి పడ్డాక పైకి వచ్చేవాళ్లు ఎవరైనా సరే, ఒంటికి కట్టుకున్న పట్టీని తాడుతో పడవకు తగిలించాకే కాలు బయట పెట్టాలి. మనవడు కింది గదిలో పడక మీద, దొర్లిపోకుండా పక్కన కట్టిన గుడ్డలో, ఊయలలో ఉన్నట్టు తెల్లవార్లూ నిద్రపోయాడు. వాంతులు చేసుకున్నది నేను. మా ఆవిడ కట్టి ఇచ్చిన సకినాల డబ్బా ఉదయం దాకా తెరవలేదు.

అర్ధరాత్రి దాటాక కాపలా వంతు మా అమ్మాయిది. కింద పడుకుంటే కడుపులో తిప్పుతోందని నేనూ పైనే కూర్చున్నాను. మనవరాలు మారాం చేసి మాతో ఉండిపోయింది. ఆ సముద్రంలో అలల కంటే పెద్ద ఓడలకే ఎక్కువ భయపడాలి. మొదట తూర్పు నుంచి పడమటికి వెళ్లేవి వరుసగా వస్తాయి, ఇంకా దక్షిణానికి పోతే పడమటి నుంచి తూర్పుకు వెళ్లేవి. ఎడమ వైపు దూరంగా ఒక పచ్చ దీపం, దాని మీద రెండు తెల్ల దీపాలు కనిపించాయి. మనవరాలు చేతి దిక్సూచి కంటికి ఆనించి, ఆ ఓడ ఉన్న దిక్కు "నూట ఐదు డిగ్రీలు" అంది. ఐదు నిమిషాలకు మళ్లీ "నూట ఐదు". మూడోసారీ అదే.

"తాతా, దిక్కు మారడం లేదు. అంటే గుద్దుకుంటాం" అంది, రేపు స్కూలుకు సెలవు అన్నంత మామూలుగా.

రెండూ కదులుతున్నా దిక్కు మారలేదంటే మధ్య దూరం ఒక్కటే తగ్గుతోందన్నమాట. ఇదే సాపేక్ష వేగం! ఎన్ని వందల మందికి బోర్డు మీద బాణాలు గీసి చెప్పానో, ఒక్కసారి కూడా నాకు ఒళ్లు జలదరించలేదు. నియమం ప్రకారం తెరచాప పడవకు యంత్రపు ఓడే దారి ఇవ్వాలి. మా అమ్మాయి ఆ నియమాన్ని నమ్ముకుని కూర్చోలేదు, తాడు సడలించి వేగం తగ్గించింది. కాసేపటికి ఒక నల్లటి గోడ మా ముందు నుంచి జరిగిపోయింది, ఆ ఓడ వెనక భాగంలోని తెల్ల దీపం కనిపించే దాకా ఎవరూ మాట్లాడలేదు.

ఇక అల్లుడితో నా గొడవ. స్క్రీను మీద మ్యాపులో చూస్తే మేము వెళ్లాల్సిన నేరు గీత నుంచి ఏడెనిమిది మైళ్లు పడమటికి కొట్టుకుపోయాం. "దారి తప్పాం, తిప్పు బాబూ" అని నేను పోరుతూనే ఉన్నాను. "వదిలేయండి మామయ్యా, ఆరు గంటలు అటు లాగిన నీళ్లే ఆరు గంటలు ఇటు లాగుతాయి" అని అతను నిద్రకు వెళ్లాడు. ఆటుపోట్ల ప్రవాహం అక్కడ నిజంగానే అటూ ఇటూ మారుతుంది. గీత మీదే ఉండాలని ప్రతి గంటా దానికి ఎదురు తిప్పితే పడవ ఇంకా ఆలస్యంగా చేరుతుందట. తెల్లవారేసరికి మా దారి పాములా వంకర తిరిగి సరిగ్గా షెర్బూర్ రేవు గోడల ముందు తేలింది.

అక్కడ పాస్‌పోర్టు ముద్ర. సముద్రం దాటడానికి ఒక రాత్రి పట్టింది, మన పాస్‌పోర్టు మీద దానికి వీసా తెచ్చుకోవడానికి రెండు నెలలు. మన కాకతీయ గణపతిదేవుడు మాత్రం సముద్రం దాటి వచ్చే వర్తకుల కోసం 1244-45లోనే మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. పూర్వపు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు, మేము నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ తీసుకోం అని అందులో ఉంది. కాకతీయులంటే చెరువులే అని పిల్లలకు చెప్పి వదిలేస్తాం. ఓరుగల్లు వాళ్లకు సముద్రంతో ఏం పని అని నన్ను ఎగతాళి చేసిన బంధువులకు ఈ శాసనం వినిపించాను. వాళ్లు టీవీ శబ్దం పెంచారు.

ఇప్పుడు పక్కింటి అబ్బాయి పోటీ పరీక్షలకని పడవ–ప్రవాహం లెక్కలు తెచ్చుకుంటాడు. ప్రవాహ వేగం గంటకు మూడు కిలోమీటర్లు అని ఉంటుంది. "సగం దారిలో ప్రవాహం ఇటు తిరిగితే?" అని అడిగాను.

"పరీక్షలో అలా ఇవ్వరు సార్" అన్నాడు.