పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సండే స్కూల్‌లో టీచర్లు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మా చర్చి సండే స్కూల్‌కు 55 మంది పిల్లలొస్తారు. చెప్పేది నేనూ, పాస్టరమ్మగారూ మాత్రమే. పాస్టరు గారు ఆరాధనలో ప్రకటన చేస్తే పోయినసారి ఆరుగురు చేతులెత్తారు. మూడో వారానికి ఒక్కరూ లేరు. పిల్లల మీద ఎవరికీ భారం (పట్టింపు) లేదనిపిస్తోంది. ఏం చేయాలి?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: భారం లేక కాదమ్మా. చేయెత్తిన రోజున తాము ఏ పనికి ఒప్పుకున్నారో వాళ్లకే తెలియదు. ఏ వయసు పిల్లలు, ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, రాలేని రోజు ఎవరికి చెప్పాలి – ఇవేవీ చెప్పకుండా మొదటి ఆదివారమే ఇరవై మంది పిల్లల ముందు నిలబెడతాం. పిల్లలు అల్లరి చేస్తారు, కథ సగంలో ఆగిపోతుంది, ఆరాధనలో ఉన్నవాళ్లు ఒకరు తలుపు దగ్గరికొచ్చి "కొంచెం మెల్లగా" అంటారు. కొత్త మనిషికి తల కొట్టేసినట్టవుతుంది. రెండో వారం మొహమాటానికి వస్తారు, మూడో వారం రారు.

ముందు లెక్క వేసుకోండి. 3–5 ఏళ్ల పిల్లలకైతే ఎనిమిది మందికి ఒకరు, 6–9 ఏళ్లవాళ్లకు పది మందికి ఒకరు, 10–14 ఏళ్లవాళ్లకు పన్నెండు మందికి ఒకరు ఉంటే పని నడుస్తుంది. ఏ గుంపులోనూ ఇద్దరికి తక్కువ ఉండకూడదు. మీ దగ్గర చిన్నవాళ్లు 15, నడిమివాళ్లు 20, పెద్దవాళ్లు 20 అనుకుంటే ఒక ఆదివారానికి ఆరుగురు కావాలి. ఆ ఆరుగురే ఏడాది పొడుగునా చేస్తే అలసిపోతారు. అందుకని రెండు జట్లు, అంటే 12 మంది. ఎవరికైనా జ్వరమొస్తే నిలబడటానికి మరో ఇద్దరు. జట్లు వారం వారం మారొద్దు, నెల నెలా మారండి. వారానికో ముఖం కనబడితే చిన్నపిల్లలు ఏడుస్తారు, పెద్దపిల్లలు అలుసుగా తీసుకుంటారు.

14 అనగానే బెదరొద్దు. మీ ఇద్దరికి తోడు నలుగురు దొరికినా పిల్లల్ని రెండే గుంపులు చేసి మొదలుపెట్టొచ్చు. గుంపులు కొన్నాళ్లు పెద్దవిగానే ఉంటాయి కాబట్టి పాటలు, కంఠత వాక్యం (బట్టీ పట్టే బైబిలు వచనం) అందరికీ కలిపి పెట్టి, కథకు మాత్రం విడదీయండి.

ఇక ప్రకటన మానేయండి. సంఘం పేర్ల పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కో పేరు పక్కన ఆ మనిషికి తగిన ఒక్క పని రాయండి. తర్వాత ఇంటికి వెళ్లి అడగండి. "అక్కా, జులై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలలు. నీ వంతు వచ్చిన నెలలో ఆదివారం ఎనిమిదింపావు నుంచి తొమ్మిదింబావు దాకా. నడిమి పిల్లల హాజరు రాయాలి, వాక్యం అప్పగించుకోవాలి. నీతోపాటు ఫలానా చెల్లె ఉంటుంది. సెప్టెంబరు అయినంక మానేసినా ఎవ్వరం ఏమీ అనుకోం." ఈ చివరి మాట తప్పకుండా చెప్పండి. బయటికొచ్చే దారి కనబడితేనే మనుషులు ధైర్యంగా లోపలికొస్తారు. అలా వచ్చినవాళ్లలో చాలామంది మూడు నెలలు అయ్యాక తామే ఉంటామంటారు.

అందరూ పాఠం చెప్పాల్సిన పని లేదు. గేటు దగ్గర నిలబడేవాళ్లు, పాట పాడించేవాళ్లు, చార్టు మీద వాక్యం రాసేవాళ్లు, బిస్కెట్లు నీళ్లు చూసేవాళ్లు – అందరూ జట్టే. "నాకు మాట్లాడ రాదు" అనే పెద్దమ్మలు గేటు దగ్గర నమ్మకంగా నిలబడతారు. ఏ పిల్ల ఎవరింటి పిల్లో వాళ్లకు బాగా తెలుసు.

కొత్తవాళ్లను నాలుగు ఆదివారాల్లో ఎక్కించండి. మొదటి వారం వెనక కూర్చుని చూడాలి. రెండో వారం హాజరు, ఒక పాట. మూడో వారం పది నిమిషాల కథ. నాలుగో వారం మొత్తం తరగతి, మీరు మూలన కూర్చోండి. ప్రతిసారీ అయ్యాక పది నిమిషాలు మాట్లాడండి. బాగున్నది ముందు చెప్పి, దిద్దాల్సింది ఒక్కటే చెప్పండి. పాఠం శనివారం రాత్రి ఇస్తే చదివే తీరిక ఎవరికీ ఉండదు, అది బుధవారానికల్లా వాట్సాప్‌లో అందాలి.

ఇంకో మాట. మీ తరగతి ఆరాధన జరిగే సమయంలోనే ఉంటే, దాన్ని ఆరాధనకు ముందుకు మార్చండి. ఆర్నెల్లు వాక్యం వినని మనిషి పిల్లలకు ఏం పెడుతుంది?

ప్రశ్న: అచ్చంపేట దగ్గర పల్లెటూరు మాది. పత్తి ఏరే రోజులొస్తే టీచర్లు ఉండరు. యాసంగి నాట్లప్పుడూ అంతే. కొందరు బతుకుదెరువుకు హైదరాబాద్ పోతారు, వాళ్ల పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు.
– ఒక సంఘ పెద్ద

జవాబు: అయ్యా, పంటల క్యాలెండరును బట్టే పరిచర్య క్యాలెండరు వేసుకోవాలి. మీ వైపు పత్తి అక్టోబరు నుంచి తెంపుతారు, క్రిస్మస్ దాకా సాగుతుంది. ఆ కూలి వదులుకుని రమ్మనడం న్యాయం కాదు. పేదింటి టీచరుకు ఆ రోజులే నాలుగు పైసలు కళ్లచూసే రోజులు. ఆ మూడు నెలలు తరగతిని ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మార్చండి, అరగంటకు కుదించండి: ఒక పాట, ఒక కథ, ఒక వాక్యం. కొత్త పాఠాలు మొదలుపెట్టకుండా పాతవే తిరగేయండి. చీకటి పడుతుంది కాబట్టి పిల్లల్ని వాడలవారీగా గుంపులు చేసి, పెద్దవాళ్లు ఇళ్ల దాకా దిగబెట్టాలి. కొత్త టీచర్లను తయారుచేసే పని వేసవిలో పెట్టుకోండి. బడి సెలవులు, చేనుపని తక్కువ. వి.బి.ఎస్. (వేసవి సెలవుల్లో పెట్టే పిల్లల బైబిలు బడి) పెట్టినా పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకల్లా ముగించండి, మే ఎండలో అంతకుమించి పిల్లల్ని ఉంచకూడదు.

వలస పోయినవాళ్ల పిల్లల పేర్లు హాజరు పుస్తకంలో విడిగా గుర్తుపెట్టుకోండి. వాళ్లలో ఎవరైనా రెండు వారాలు కనబడకపోతే ఇంటికి వెళ్లి చూసేందుకు ఒక మనిషిని నియమించండి. జట్టులో ఇంతకన్నా విలువైన పని లేదు.

ప్రశ్న: బయటినుంచి వచ్చిన ఒక బ్రదర్ పిల్లల పరిచర్య చేస్తానంటున్నారు, ఉత్సాహవంతుడు. వివరాలు అడిగితే అవమానించినట్టవుతుందని పెద్దలు వద్దంటున్నారు.
– జడ్చర్ల

జవాబు: అడగండి. ఆ ఒక్కరినే కాదు, పాస్టరు గారి కొడుకుతో సహా అందర్నీ అడగండి. నియమం అందరికీ ఒక్కటైతే ఎవరికీ అవమానం కాదు. కనీసం ఆర్నెల్లు సంఘంలో ఉండి ఉండాలి. అంతకుముందున్న సంఘ కాపరితో ఫోన్‌లో మాట్లాడి, "మీ పిల్లల్ని ఈయన దగ్గర వదులుతారా?" అని సూటిగా అడగాలి. ఆధార్ నకలు, చిరునామా ఫైల్లో ఉండాలి. తర్వాత కూడా పెద్దవాళ్లెవరూ ఒంటరిగా పిల్లలతో ఉండకూడదు. తలుపు తెరిచే ఉండాలి. మరుగుదొడ్డికి చిన్నపిల్లల్ని తీసుకెళ్లేది ఒక సిస్టర్, ఇంకొకరికి చెప్పి వెళ్లాలి. బండి మీద ఒక్క పిల్లను ఎక్కించుకుని పోవడం, పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టడం – రెండూ వద్దు.

చట్టం కూడా తెలిసుండాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకుండా దాస్తే ఏడాది దాకా. "సంఘం పేరు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అని కమిటీలో తేల్చుకునే విషయం కాదిది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

ప్రశ్న: టీచర్లకు నెలకు కొంత డబ్బు ఇస్తే నిలుస్తారా?
– నల్లగొండ

జవాబు: 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన ఆదివారపు బడిలో టీచర్లకు కూలి ఇచ్చేవారు కాబట్టి, డబ్బివ్వడం తప్పేమీ కాదు. కానీ చిన్న సంఘంలో ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే జట్టు చీలుతుంది. జీతం బదులు చేతి ఖర్చు పడకుండా చూడండి. పక్క ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఆటో ఛార్జీ లేదా పెట్రోలు, పాఠం పుస్తకం, చార్టులు, రంగులు సంఘమే భరించాలి. స్కెచ్ పెన్నులు కూడా సొంత డబ్బుతో కొనుక్కుంటున్న డిగ్రీ పిల్ల ఎన్నాళ్లని అడగకుండా ఉంటుంది? ఏడాదికి ఒక పద్దు రాసి కమిటీ చేత ఒప్పించుకోండి, రసీదు చూపిన వారంలోపే డబ్బు ఇచ్చేయండి.

ప్రశ్న: యవ్వనస్థులు క్రిస్మస్ నాటికకు ముప్పై మంది వస్తారు, జనవరిలో మాయం.
– దేవరకొండ

జవాబు: నాటికకు తేదీ ఉంది, పాత్ర ఉంది, పక్కన సోపతి ఉన్నాడు. తరగతిలోనూ అవే ఇవ్వండి. జనవరి మొదటి వారంలోనే ఇద్దరేసి చొప్పున పిలిచి, ఈస్టర్ దాకా పాటలో, బొమ్మల కథో అప్పగించండి. ఇంటర్ పిల్లల్ని ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీరే పిలిచి "పరీక్షలయ్యాక రండి" అని పంపించేయండి. అలా పంపితే తిరిగొస్తారు, తప్పించుకుని పోయినవాళ్లు మాత్రం సిగ్గుపడి దూరమవుతారు.

ప్రశ్న: ఒక పెద్ద టీచరు పదిహేనేళ్లుగా చేస్తున్నారు. పిల్లల్ని కొడతారు, కొత్తవాళ్లను మాట్లాడనివ్వరు. ఎలా చెప్పాలి?
– పేరు రాయలేదు, వనపర్తి

జవాబు: కొట్టడం ఈ ఆదివారమే ఆగాలి, దానికి గడువు ఇవ్వొద్దు. పాస్టరు గారు, మరో పెద్ద కలిసి ఆయన ఇంటికి వెళ్లాలి. అందరి ముందు అనొద్దు, వాట్సాప్ గ్రూపులో అస్సలు అనొద్దు. ఆయన చేసిన సేవకు కృతజ్ఞత చెప్పి, కర్ర పట్టుకోకూడదన్న నియమం రాసిన కాగితం చేతికివ్వండి. నెల రోజులు ఆయన తరగతిలో ఇంకొకరు కూర్చోవాలి. మారితే మంచిదే. మారకపోతే తరగతి నుంచి తీసి, వాక్యాలు అప్పగించుకునే పనో, పాఠాలు సిద్ధం చేసే పనో ఇవ్వండి, అదీ మరొకరి ఎదుటే చేయాలి. ఆయన అలిగి సంఘానికి రావడం మానేసినా, పిల్లల ముందుకు మళ్లీ పంపకండి. ఇంటికి మాత్రం వెళ్లి పలకరిస్తూ ఉండండి.