తిరిగొచ్చిన మెయిల్ చూసి పేరు కొట్టేయకండి

మెయిలింగ్ లిస్టులు నడిపేవాళ్ల దగ్గర్నుంచి ఈమధ్య ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. అందరిదీ దాదాపు ఒకటే బాధ, పంపిన మెయిళ్లు బౌన్స్ అయి వెనక్కొస్తున్నాయని. అందుకని ఈసారి అవే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం తరఫున సొంత డొమైన్ నుంచి తొమ్మిది వందల మందికి నెలకోసారి మెయిల్ పంపుతాం. పంపిన ప్రతిసారీ 'మెయిలర్ డీమన్' పేరుతో వందకు పైగా తిరిగొస్తున్నాయి. వాళ్లందరినీ లిస్టులోంచి తీసేద్దామని కమిటీలో అంటున్నారు. తీసేయొచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

అందరినీ ఒకేసారి తీసేయకండి, ప్లీజ్. తిరిగొచ్చిన మెయిల్ లోపల అది ఎందుకు తిరిగొచ్చిందో అవతలి సర్వర్ రాసే పంపుతుంది. చాలామంది సబ్జెక్ట్ చూడగానే చిరాకుపడి డిలీట్ కొట్టేస్తారు గానీ మనకు కావాల్సింది లోపలే ఉంటుంది. 550 5.1.1 లాంటి అంకెల కోసం వెతకండి. మొదటి అంకె 4 అయితే 'ఇప్పుడు కుదరదు, మళ్లీ ప్రయత్నించు' అని, 5 అయితే 'ఇలాగే మళ్లీ పంపొద్దు' అని. ఈ మూడంకెల పద్ధతి 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ (సర్వర్ల మధ్య మెయిల్ పంపుకునే పద్ధతి) ప్రమాణంలోనే ఉంది. చుక్కలతో ఉండే అంకెలు తర్వాత చేర్చినవి, అసలు కారణం మాత్రం వాటిలోనే తెలుస్తుంది.

5.1.1 అంటే ఆ పేరుతో అక్కడ మెయిల్‌బాక్స్ లేదు. 5.1.2 అంటే అసలు ఆ డొమైనే (అడ్రసులో @ తర్వాతి భాగం) సరిగ్గా లేదు. ఈ రెండు రకాలకీ పంపడం వెంటనే ఆపేయాలి, అందులో సందేహం లేదు. కానీ పంపడం ఆపడం వేరు, మనిషిని వదిలేయడం వేరు. ముందు స్పెల్లింగ్ చూడండి. రీయూనియన్‌లో రిజిస్టర్‌లో చేత్తో రాసుకున్నవాటిని ఎవరో కూర్చుని టైప్ చేసి ఉంటారు, సున్నాకి బదులు 'ఓ' పడుతుంది, 'జీమెయిల్ డాట్ కామ్' కాస్తా 'డాట్ కాన్' అయిపోతుంది. ఇవి పదినిమిషాల్లో సరిచేసుకోవచ్చు. ఇంకొన్ని ఆఫీసు అడ్రసులై ఉంటాయి, ఉద్యోగం మారగానే అవి పోతాయి. ఇండియాటైమ్స్ మెయిల్ అయితే 2013లోనే మూతపడింది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తీసేయడం మొదలుపెట్టింది, కాబట్టి జీమెయిల్ అడ్రసులు కూడా శాశ్వతం అనుకోకండి. ఇలాంటివాళ్ల పేర్లు విడిగా రాసుకుని, బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే కొత్త అడ్రసులు చాలావరకు దొరుకుతాయి.

లేని అడ్రసుకి పదేపదే పంపితే ఏమవుతుంది అనుకోవచ్చు. మీ మెయిళ్లలో ఎంత భాగం లేని అడ్రసులకి వెళ్తోందో పెద్ద మెయిల్ కంపెనీలు గమనిస్తూనే ఉంటాయి. అది ఎక్కువైతే మీది పాత లిస్టు కొనుక్కుని పంపే స్పామర్ల ఖాతాలో పడుతుంది. అప్పుడు బాగున్న మిగతా ఎనిమిది వందల మందికి కూడా మీ మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోకే వెళ్తుంది.

4.2.2 గానీ 5.2.2 గానీ కనిపిస్తే మెయిల్‌బాక్స్ నిండిపోయిందని. ఈ మనిషిని మాత్రం తీసేయకండి, ఫోన్ చేయండి! జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలు కూడా కలిసే లెక్కకొస్తున్నాయి. మనవళ్ల ఫొటోలతో అది నిండిపోయి, తనకి ఎవరి మెయిలూ రావడం లేదన్న సంగతే తెలియని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. బ్యాంకు మెయిళ్లు, ఆసుపత్రి రిపోర్టులు కూడా అలాగే వెనక్కి పోతుంటాయి. మీరు చేసే ఒక్క ఫోన్ కాల్ వాళ్లకి మీ న్యూస్‌లెటర్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మామూలు 4 అంకె బౌన్సులకి మీరు చేయాల్సింది ఏమీ లేదు. మీ సర్వరే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని ప్రమాణమే చెబుతుంది. 'డెలివరీ ఆలస్యమవుతోంది' అన్న హెచ్చరిక చూసి టెన్షన్ పడి మళ్లీ పంపేస్తారు కొందరు, దాంతో అవతలివాళ్లకి రెండు కాపీలు చేరతాయి.

ఇక 5.7తో మొదలయ్యేవి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. 5.7 అంటే సాధారణంగా అవతలి మనిషి అడ్రసు బాగానే ఉంది, మీరు పంపిన తీరు వాళ్ల సర్వర్‌కి నచ్చలేదు అని. ముఖ్యంగా జీమెయిల్ నుంచి 5.7.26 వస్తే, మీరు ఫలానా డొమైన్ వాళ్లమని చెప్పుకుంటున్నారు గానీ దానికి రుజువు లేదు అని అర్థం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) ఈ రెండింట్లో కనీసం ఒకటి ఉండాలి, జీమెయిల్‌కి రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకయితే ఆ రెండూ, వాటితోపాటు డీమార్క్ (మీ పేరుతో వచ్చి రుజువు కాని మెయిల్‌ని ఏం చేయాలో అవతలి సర్వర్లకి చెప్పే విధానం) కూడా ఉండాలి. మీ డొమైన్ కొన్న చోట డీఎన్‌ఎస్ (డొమైన్ వివరాలు ఉండే పట్టిక) సెట్టింగుల్లో ఇవి పెట్టుకోవాలి, మెయిల్ సర్వీసువాళ్లు ఏ వరుసలు చేర్చాలో ఇస్తారు. ఒకే రోజు జీమెయిల్ వాళ్లందరివీ వెనక్కొచ్చాయంటే తప్పు మన దగ్గరే ఉంది, అప్పుడు ఒక్క పేరు కూడా కదపకండి.

ఇదంతా చేత్తో చూడలేం అనుకుంటే మెయిల్‌మ్యాన్ లాంటి లిస్టు సాఫ్ట్‌వేర్ వాడండి, కానీ సెట్టింగులు అలాగే వదిలేయకండి. అది ప్రతి సభ్యుడికీ బౌన్స్ స్కోరు లెక్కేస్తుంది, రోజుకి ఎన్ని బౌన్సులొచ్చినా ఒక్కసారే పెంచుతుంది, స్కోరు 5కి చేరితే డెలివరీ ఆపుతుంది, ఆ తర్వాత వారానికొకటి చొప్పున మూడు హెచ్చరికలు పంపి తీసేస్తుంది. ఏడు రోజులు కొత్త బౌన్స్ రాకపోతే పాత స్కోరు చెరిపేస్తుంది. రోజూ చర్చలు నడిచే లిస్టుకి ఇది చక్కగా సరిపోతుంది. మీలా నెలకొకటి పంపేవాళ్లకి మాత్రం ఇది ఎప్పటికీ పనిచేయదు, ఎందుకంటే రెండో బౌన్స్ వచ్చేలోపే మొదటిది చెరిగిపోతుంది! మీరు ఆ ఏడు రోజులని వంద చేసి, 5ని 3 చేయండి.

ఇంకొక్కటి. మీ లిస్టులోనే లేని అడ్రసు పేరుతో బౌన్స్ వస్తే కంగారుపడకండి. ఎవరో పాత అడ్రసు నుంచి కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టుకుని ఉంటారు, ఆ కొత్తది చచ్చిపోయి ఉంటుంది. ఆ 'ఎవరో' ఎవరో తెలియడానికి డేనియల్ బెర్న్‌స్టీన్ 1997లో వెర్ప్ అనే పద్ధతి రాశారు. ఒక్కొక్కరికి పంపే కవరు మీద ఒక్కో రకంగా ఫ్రమ్ అడ్రసు వేసినట్టన్నమాట, ఏ కవరు తిరిగొచ్చిందో చూస్తే ఎవరికి పంపిందో తెలిసిపోతుంది. మెయిల్‌మ్యాన్‌లో ఇది ఉంది, సర్వర్ చూసేవాళ్లని ఆన్ చేయమని అడగండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా తెలుగు సంఘానికి మెయిల్‌మ్యాన్ మీద చర్చా లిస్టు ఉంది. యాహూ అడ్రసున్న ఒకాయన చురుగ్గా రాస్తుంటారు. ఆయన వరసగా రాసిన వారంలో జీమెయిల్ సభ్యులు చాలామందికి డెలివరీ ఆగిపోతోంది. ఆయన్ని రాయొద్దని చెప్పాలా?

అయ్యో, వద్దండి. ఆయన తప్పు లేదు, జీమెయిల్ వాళ్ల తప్పూ లేదు. యాహూ 2014 ఏప్రిల్‌లో తన డీమార్క్ విధానం మార్చింది: 'మా పేరుతో వచ్చి, మాదని రుజువు కాని మెయిల్‌ని తిప్పికొట్టండి' అని. మీ లిస్టు ఆయన మెయిల్ తీసుకుని, సబ్జెక్ట్‌లో లిస్టు పేరు, కింద ఫుటర్ చేర్చి మళ్లీ పంపుతుంది. మార్పు జరిగింది కాబట్టి యాహూ వేసిన డీకిమ్ సంతకం చెల్లదు. పంపింది మీ సర్వర్ కాబట్టి ఎస్‌పీఎఫ్ కూడా యాహూతో కలవదు. జీమెయిల్ దాన్ని 5.7 కోడ్‌తో తిప్పికొడుతుంది, ఆ బౌన్స్ వెళ్లి ఏ పాపం తెలియని జీమెయిల్ సభ్యుడి స్కోరులో పడుతుంది. రోజుకొకటి చొప్పున అయిదు రోజులైతే ఆ జీమెయిల్ సభ్యుడికి డెలివరీ ఆగిపోతుంది.

మెయిల్‌మ్యాన్ 2.1.18 నుంచి డీమార్క్ కోసం ప్రత్యేకంగా ఒక సెట్టింగ్ ఉంది, మూడో వెర్షన్‌లోనూ ఉంది. అలాంటి డొమైన్ల నుంచి వచ్చినప్పుడు ఫ్రమ్‌లో లిస్టు అడ్రసు పెట్టి, రాసినవారి పేరు పక్కన 'వయా' అని చూపిస్తుంది. గూగుల్ గ్రూప్స్ కూడా ఇలాగే చేస్తుంది. అది పెట్టాక అసలు పని మర్చిపోకండి: ఇప్పటిదాకా డెలివరీ ఆగిపోయినవాళ్లని సభ్యుల జాబితాలో వెతికి ఒక్కొక్కరిని మళ్లీ ఆన్ చేయాలి. హెచ్చరిక మెయిళ్లు చూడనివాళ్లు లిస్టు నిశ్శబ్దంగా ఉంది అనుకుంటారే తప్ప తమకి డెలివరీ ఆగిందని వాళ్లకి తెలియదు. సంక్రాంతి సంబరాలకి మమ్మల్ని పిలవలేదే అని బాధపడేదాకా రానివ్వకండి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసులు నా సొంత జీమెయిల్ నుంచి ఆరు వందల మందికి బీసీసీలో పంపుతున్నాను. పరిమితి దాటారు అని వస్తోంది.

ఉచిత జీమెయిల్‌లో రోజుకి 500 మందికి మించి పంపలేరు. సగం ఈరోజు, సగం రేపు పంపి నెట్టుకురావొచ్చు గానీ అంతకంటే ఒక గూగుల్ గ్రూప్ పెట్టి, పోస్ట్ చేసే హక్కు కమిటీకే ఉంచండి. మీరు ఒక్క అడ్రసుకి పంపితే చాలు. సెక్రటరీ మారినా లిస్టు అసోసియేషన్ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: నేను ఎవరికీ ఏమీ పంపలేదు, అయినా పొద్దున లేచేసరికి ఎవరెవరి అడ్రసులకో పంపిన మెయిళ్లు తిరిగొచ్చాయని వందల బౌన్సులు ఉన్నాయి. హ్యాక్ అయ్యానా? (విశాఖపట్నం)

ముందు సెంట్ ఫోల్డర్ చూడండి. అక్కడ మీరు రాయనివి కనిపిస్తే ఖాతాలోకి ఎవరో వచ్చినట్టే. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, మీకు తెలియని డివైజులన్నీ సైన్ అవుట్ చేయండి. ఫార్వర్డింగ్, ఫిల్టర్ సెట్టింగులు కూడా చూడండి, లోపలికొచ్చినవాళ్లు తమ జాడ దాచడానికి అక్కడ ఏదో ఒకటి పెట్టిపోతారు. ఇవన్నీ శుభ్రంగా ఉంటే, స్పామర్ ఎవరో ఫ్రమ్‌లో మీ అడ్రసు పెట్టి పంపాడని అనుకోవచ్చు. ఆ బౌన్సులకి జవాబు రాయకండి, వాటితో వచ్చిన అటాచ్‌మెంట్లు తెరవకండి, లింకులు నొక్కకండి. మామూలుగా కొద్ది రోజుల్లో ఆగిపోతాయి. సొంత డొమైన్ మీదైతే మాత్రం ఈ వారమే డీమార్క్ పెట్టుకోండి.