600 రూపాయల అమ్మోనైట్, నాయనమ్మ సాలగ్రామం

ప్రశ్న అడిగినవారిది ఒంగోలు. కొత్తగా శిలాజాలు పోగుచేస్తున్నారట. చుట్ట తిరిగిన రాయి దొరికితే అది అమ్మోనైటో, అంటే ఎప్పుడో అంతరించిపోయిన చుట్ట పెంకు సముద్రజీవి శిలాజమో, కాదో ఎలా పోల్చుకోవాలని అడిగారు. నాదీ ప్రకాశం జిల్లానే. పైగా ఈ పిచ్చిలో డబ్బు పోగొట్టుకున్నవాడిని. జవాబు చెప్పడానికి ఈ అర్హత చాలనుకుంటాను.

నా మొదటి అమ్మోనైట్ ఖరీదు 600 రూపాయలు. నెల్లూరు రొట్టెల పండగకు వెళ్లినప్పుడు, దారి పక్కన రంగురాళ్లు అమ్మే ఒకాయన దగ్గర కొన్నాను. అరచేయంత వెడల్పు, నల్లగా నిగనిగలాడుతోంది. "హిమాలయాలది సార్" అన్నాడు. బేరమాడితే శాస్త్రాన్ని అవమానించినట్టవుతుందని అడిగినంతా ఇచ్చాను. ఇంటికి తెచ్చి, దుమ్ము పోతుందని రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచాను. తెల్లారేసరికి నీళ్లు నల్లబడ్డాయి, రాయి మీద గట్లు సగం కరిగిపోయాయి. మట్టిలో ఏదో జిగురు కలిపి అచ్చు పోశారు.

నాయనమ్మ బకెట్లోకి తొంగిచూసి, "ఇంట్లో చక్రమున్న సాలగ్రామాన్ని పెట్టుకుని, బజారులో మట్టి కొన్నావా నాయనా" అంది.

ఆ సాలగ్రామాన్ని స్నానం చేయకుండా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు ఆవిడ. చేసినా ముట్టనిచ్చేది కాదు. ఏకాదశినాడు అభిషేకం చేస్తుంటే పక్కన కూర్చున్నాను. నీళ్లు పడగానే, పొడిగా ఉన్నప్పుడు కనబడని గట్లు ఒక్కొక్కటే తేలాయి. ప్రతి గట్టూ లోపలి చుట్ట దగ్గర బయలుదేరి, బయటి అంచుకు చేరేలోపు రెండుగా చీలుతోంది. నేను కొన్నదాని మీద అన్నీ దువ్వెన పళ్లలా ఒకే తీరుగా ఉండేవి. నేపాల్‌లో కాళీగండకి నది తెచ్చే సాలగ్రామాల్లో చక్రంగా పూజలందుకునేది చాలావరకు జురాసిక్ కాలపు అమ్మోనైట్ ముద్రే. ఆ మాట చెబితే, "స్వామి నత్తలో మాత్రం ఉండడా" అంది. అది నత్త కాదనీ, స్క్విడ్‌కూ ఆక్టోపస్‌కూ చుట్టమనీ చెప్పబోయి, హారతి సమయమని ఊరుకున్నాను.

నత్తతో పొరపడటం సహజమే. నత్తను బల్ల మీద పెడితే ఒక పక్క గోపురంలా లేస్తుంది, లోపల గదులుండవు. అమ్మోనైట్ చాలా రకాల్లో రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, లోపల అడ్డగోడలుంటాయి. ఆ గోడ పెంకును తాకిన చోట ఒక గీత పడుతుంది. పై పెంకు ఊడిన చోటే అది బయటపడుతుంది. కొత్తిమీర ఆకు అంచులా మెలికలు తిరిగి ఉంటే అమ్మోనైట్, సాదా వంపుగా ఉంటే నాటిలస్ తెగ, అంటే నేటికీ సముద్రంలో బతుకుతున్న దాని దూరపు బంధువు. నన్నడిగితే పగిలిన ముక్కే మేలు, లోపలిది కనబడుతుంది. గదుల గుండా సాగే సన్నని గొట్టం అమ్మోనైట్లో సాధారణంగా బయటి అంచును అంటుకుని ఉంటుంది, నేటి నాటిలస్‌లో గోడ మధ్యగా పోతుంది. మెరుగు పెట్టిన నిండు చుట్టను చూస్తే నాకిప్పటికీ ఆ బకెట్టే గుర్తుకొస్తుంది.

ఇంకొకటి. మార్కాపురం పలకరాయి మీద నల్లటి కొమ్మల్లాంటివి చూసి, ఆకు శిలాజమంటూ ఫొటోలు పంపకండి, దండం పెడతాను. అది పగుళ్లలో ఇంకిన నీళ్లు వదిలిపోయిన మాంగనీస్, ఇనుము మరకల ముగ్గు. ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్లు పైనే. అది పుట్టేనాటికి ఆకూ లేదు, గవ్వా లేదు. చీమకుర్తి గెలాక్సీ రాయి కరిగిన శిల చల్లారి గడ్డకట్టింది, అందులోనూ వెతకనక్కరలేదు. మన వైపు ఆశ పెట్టుకోదగ్గవి, ఒంగోలు ప్రాంతంలో వేమవరం, బూదవాడ ఊళ్ల పేర్లతో పిలిచే, జురాసిక్ తర్వాతి క్రెటేషియస్ కాలపు పొరలు. అక్కడ ఆకుల ముద్రలతో పాటు అమ్మోనైట్లూ దొరికాయి. బురద గట్టిపడి పొరలు పొరలుగా ఏర్పడిన మెత్తటి షేల్ రాయిలో అణిగి అప్పడంలా పలచబడిన ముద్రలవి. అంగట్లో చూసిన లావుపాటి చుట్ట కోసం వెతుకుతూ పోతే వాటినే తొక్కేస్తారు.

మీ రాయి ఫొటో పెట్టండి. గట్టి రాయైతే కాస్త తడిపి తీయండి. షేల్ ముక్కను మాత్రం తడపకండి, పొరలు విడిపోతాయి. అంచు వైపునుంచి ఒక ఫొటో, పక్కన రూపాయి బిళ్ల, దొరికిన చోటు పేరు తప్పనిసరి. మా సాలగ్రామం కొలతలు అడగకండి. నాయనమ్మ పోయాక అది అమ్మ చేతికి వచ్చింది. పక్కన స్కేలు పెట్టడానికి ఆవిడా ఒప్పుకోవడం లేదు.