లాకప్ దెబ్బలకు సాక్ష్యం మీ ఆవిడ ఫోన్‌లో ఉంది

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. కొట్లో రెండు లక్షల చిల్లర కనబడలేదని యజమాని నోటిమాటగా చెబితే పోలీసులు నన్ను స్టేషన్‌కి పిలిచి రెండు రాత్రులు ఉంచేశారు. డబ్బు ఎక్కడ దాచావో చెప్పమంటూ ఒక కానిస్టేబుల్ అరికాళ్ల మీద లాఠీతో కొట్టాడు. మూడో రోజు ఆ డబ్బు ఇంకో కుర్రాడి దగ్గర దొరికింది. నాతో తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశారు. ఎఫ్‌ఐఆర్ లేదు, అరెస్టు చూపలేదు. పెద్దాసుపత్రికి వెళ్తే మళ్లీ ఏమవుతుందోనని ఆర్‌ఎంపీ దగ్గరే ఇంజక్షన్లు చేయించుకున్నాను. ఇప్పటికీ ఎడమ కాలి వేళ్లు రెండు సరిగ్గా వంగవు. పదకొండో నెల నడుస్తోంది. కాళ్ల ఫొటోలున్న నా ఫోన్‌ని దసరా ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను, మా ఆవిడకు పంపినవి మాత్రం ఉన్నాయి. ఆ కానిస్టేబుల్ మీద కాలేజీ రోజుల్లో కొట్లాట కేసు ఉండేదని, అది లోక్ అదాలత్‌లో రాజీ అయిందని, ఉద్యోగంలో చేరేటప్పుడు దాచిపెట్టాడని తెలిసింది. దాన్ని పట్టుకుని అతని ఉద్యోగం తీయించవచ్చా? మా బావమరిదికి తెలిసిన విజయవాడ డాక్టరు ఒకాయన అప్పటి తేదీతో సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు, తీసుకోమంటారా? తా.క. రెండో రాత్రి మా యజమాని మా ఆవిడకు వాట్సాప్‌లో 'కంగారు పడకమ్మా, స్టేషన్లోనే ఉన్నాడు, రేపు పంపిస్తారు' అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు పంపిన ఉత్తరం నాలుగు పేజీలుంది. పైన కుదించి ఇచ్చాను. అందులో ఎక్కువ భాగం ఆ కానిస్టేబుల్ ఎలాంటివాడు, అతన్ని ఎలా తీసుకున్నారు, ఈ దేశంలో న్యాయం ఉందా అన్న దాని మీదే నడిచింది. మీ కేసు మాత్రం చివర తా.క.లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఎందుకంటే మీ మీద ఎఫ్‌ఐఆర్ లేదు, అరెస్టు మెమో లేదు, మేజిస్ట్రేటు ముందు పెట్టలేదు. కాగితాల ప్రకారం మీరు ఆ రెండు రాత్రులూ స్టేషన్లో లేరు. రేపు మీరు కోర్టుకెక్కితే అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న దెబ్బల గురించి కాదు, 'అసలు ఈయన స్టేషన్‌కి ఎప్పుడొచ్చాడు?' అని. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే కాళ్ల ఫొటోలు ఎన్ని చూపించినా 'యార్డులో బస్తా మీద పడింది' అంటారు. అదే మీరు లోపల ఉన్నారని ఒకసారి రుజువైందా, లోపల ఏం జరిగిందో చెప్పాల్సిన బరువు వాళ్ల మీదకు మళ్లుతుంది. తమకు మాత్రమే తెలిసిన విషయాన్ని తామే రుజువు చేసుకోవాలని సాక్ష్య అధినియం, అంటే కొత్త సాక్ష్యాల చట్టం, 109వ సెక్షన్ చెబుతుంది (పాత చట్టంలో ఇది 106). లాకప్‌లో జరిగిన దానికి తోటి పోలీసు సాక్ష్యం చెప్పడం చాలా అరుదని సుప్రీంకోర్టే 1995లో శ్యాంసుందర్ త్రివేది కేసులో రాసింది, కాబట్టి కళ్లారా చూసినవాడు లేడని బెంగపడకండి.

అందుకని ముందు ఆ వాయిస్ మెసేజ్ సంగతి. అది పెట్టింది మీ స్నేహితుడో చుట్టమో కాదు, మీ మీద పోలీసులకు చెప్పిన మనిషే. అంతకంటే మంచి సాక్షి మీకు దొరకడు. ఆ ఫోన్‌ని మార్చకండి, రిపేరుకివ్వకండి, రీసెట్ చేయకండి, పిల్లల చేతికి కూడా ఇవ్వకండి. వాట్సాప్‌లో దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి అదే అసలనుకోకండి, అసలు మీ ఆవిడ ఫోన్లోనే ఉంటుంది. కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం ఫోన్ ఉన్నవారు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అది మీ లాయరు చూసుకుంటాడు. ఫోన్ బతికి ఉండాలి, అంతే.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. అరికాళ్లు కమిలిన ఫొటోలున్న ఫోన్‌ని దసరా ఆఫర్లో ఇచ్చేసి రావడమేమిటండీ? ఎంత తగ్గించి ఉంటారు, రెండు వేలా మూడు వేలా? ఆ ఫొటోల్లో తేదీ, సమయం అన్నీ ఉండేవి. వాట్సాప్‌లో పంపినవాటిలో చాలావరకు ఆ వివరాలు పోతాయి, అవి వచ్చిన తేదీ మాత్రం చాట్‌లో కనిపిస్తుంది. ఉన్నవాటితోనే నడపాలి ఇక.

ఇప్పుడు గడువు. సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి పోలీస్ స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, పరికరానికి అంత సామర్థ్యం లేకపోయినా ఏడాదికి తగ్గకూడదని చెప్పింది. స్టేషన్లో బలప్రయోగం జరిగిందని ఫిర్యాదు వస్తే మానవ హక్కుల కమిషన్, కోర్టు ఆ ఫుటేజీని తెప్పించుకోవచ్చని కూడా అందులోనే ఉంది. మీకు పదకొండో నెల. అంటే గేటు దగ్గర కెమెరాలో మీరు లోపలికి నడిచి వెళ్లి మూడో రోజు కుంటుతూ బయటికొచ్చిన దృశ్యం ఉండి ఉంటే, ఇంకో నెల తర్వాత అది చెరిగిపోయినా అడిగే దిక్కుండదు. మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం సంఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణే చేపట్టదు. మామూలు గాయం కింద, అంటే బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 115(2) కింద శిక్ష ఏడాది వరకే కాబట్టి, దానికి కోర్టు కేసు తీసుకునే గడువు కూడా ఏడాదే. మూడూ ఒకే నెలలో అయిపోతున్నాయి, మీరేమో ఆ మనిషి కాలేజీలో ఏం చేశాడో ఆరా తీస్తూ కూర్చున్నారు!

అలాగని ఏడాది దాటితే అంతా పోయినట్టు కాదు. 'డబ్బు ఎక్కడ దాచావో చెప్పు' అంటూ కొట్టాడని రాశారు చూడండి, ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా ఉండాలి. నేరం ఒప్పించడానికో, సమాచారం రాబట్టడానికో, సొత్తు తిరిగి ఇప్పించడానికో గాయపరిస్తే అది 115 కాదు, బీఎన్‌ఎస్ 120. శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది, ఎముక విరిగి ఉంటే పదేళ్ల వరకు. మూడేళ్లు మించి శిక్ష పడే నేరాలకు గడువు అడ్డురాదు. కొందరు హడావుడిగా 'నన్ను కొట్టారు' అని ఒక్క ముక్క రాసి ఇచ్చేస్తారు, దానికి 115 పెట్టి, ఆ పైన గడువు దాటిందని కొట్టేస్తారు.

ఇంకో అడ్డు కూడా పెడతారు, ముందే చెబుతున్నాను. మన ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు కాలం నాటి 1859 జిల్లా పోలీసు చట్టం ఉంది. దాని 53వ సెక్షన్లో ఆ చట్టం కింద చేసిన పనుల మీద మూడు నెలల్లోపే కేసు వేయాలని ఉంటుంది. అయితే 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వేణుగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసేసింది. అనుమానితుణ్ణి కొట్టి నిజం రాబట్టడం ఆ చట్టం చేయమన్న పని కాదు, కాబట్టి ఆ మూడు నెలల రక్షణ దానికి వర్తించదంది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే అది. మీ లాయరుకు ఈ పేరు చెప్పండి.

ఇక కానిస్టేబుల్ ఉద్యోగం సంగతి, మీరు ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీని మీదే కాబట్టి. కానిస్టేబుల్ ఎంపికలో రాతపరీక్షలు, ఛాతీ ఎత్తు కొలతలు, 1600 మీటర్ల పరుగు అయ్యాక అటెస్టేషన్ ఫారం నింపాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, శిక్ష పడిందా అని అడుగుతారు. తర్వాత ఊళ్లో, స్టేషన్లో విచారిస్తారు. ఆ విచారణకు దొరికేది కాగితం మీద ఉన్నదే, పెద్దమనుషుల్లో సర్దుబాటైనవి దొరకవు. రాజీతో కేసు పోయినా పోలీసు ఉద్యోగానికి పనికిరాడని శాఖ నిర్ణయించుకోవచ్చని 2013లో మెహర్ సింగ్ కేసులో, అది ఢిల్లీ పోలీసుల కేసు, సుప్రీంకోర్టు అంది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి ఇంకొంచెం వివరంగా చెప్పింది: దాచిపెట్టాడా, దాచింది చిన్నదా పెద్దదా, ఏ ఉద్యోగం, ఇవన్నీ చూసి యజమాని నిర్ణయించుకోవాలని.

ఇదంతా శాఖకీ అతనికీ మధ్య వ్యవహారం, మీకు సంబంధం లేదు. అతను ఫారంలో నిజమే రాసి ఉంటే? అది తెలుసుకుని ఉద్యోగమిచ్చి ఉంటే? మీకు తెలియదు, ఎవరో చెప్పిన 'దాచాడట' తప్ప. సమాచార హక్కు కింద అతని ఫారం అడిగినా వ్యక్తిగత సమాచారమని ఇవ్వరు. ఇవన్నీ వదిలేసినా, అది మీ ఫిర్యాదులో పెట్టారంటే మీరే మీ నెత్తిన చెయ్యి పెట్టుకున్నట్టు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు 'ఉద్యోగం పీకించాలనే కక్షతో ఇదంతా అల్లారు కదా' అని అదే కాగితం చూపిస్తాడు. పరుగు పందెం పెట్టి తీసుకుంటే మనిషి చెయ్యి ఎప్పుడు లేస్తుందో తెలియదని మీరు ఉత్తరంలో పడ్డ బాధలో నిజం ఉంది. అయితే ఉద్యోగంలో చేరిన తర్వాత ఒక పోలీసుని మళ్లీ వడపోసేది అతని సర్వీసు రికార్డే, అందులోకి ఎక్కేది రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదు మీద జరిగిన విచారణే. మీరు పదకొండు నెలలుగా ఇవ్వనిది సరిగ్గా అదే.

ఆ డాక్టరు సర్టిఫికెట్ జోలికి వెళ్లొద్దు. ఇది సలహా అనుకోకండి, హెచ్చరిక అనుకోండి. పాత తేదీతో ఒక్క కాగితం పుట్టిందంటే దానికి ఓపీ రిజిస్టరులో వరస నంబరు కావాలి, బిల్లు కావాలి, ఆ రోజు మీ ఫోన్ సిగ్నల్ విజయవాడలో ఉండాలి. ఆ రోజు మీ ఫోన్ ఎక్కడుందో టవర్ లొకేషన్ చెబుతుంది. అవతలివాళ్లు పోలీసులు, ఇవి తీయడం వాళ్ల రోజువారీ పని. దొంగ సాక్ష్యం సృష్టించడం బీఎన్‌ఎస్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. దెబ్బలు తిన్న మీరు ముద్దాయి అవుతారు, కొట్టినవాడు సాక్షి అవుతాడు. పైగా ఆ ఒక్క అబద్ధం బయటపడ్డాక మీ ఆవిడ ఫోన్లోని నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

దానికి బదులు రేపే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లి ఎముకల విభాగంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొట్టారో. ఎక్స్‌రే తీయమనండి. విరిగి అతుక్కున్న ఎముక ఏడాది తర్వాత కూడా చాలాసార్లు ఫిల్ములో కనిపిస్తుంది. డాక్టరు 'పాత ఫ్రాక్చర్' అని నిజంగా రాసి ఇస్తే ఆ కాగితం పది దొంగ సర్టిఫికెట్ల పెట్టు. ఆర్‌ఎంపీ సర్టిఫికెట్ చెల్లదు గానీ ఆయన మనిషిగా వచ్చి 'ఫలానా రోజు కాళ్లు వాచి ఉన్నాయి, ఇంజక్షన్ చేశాను' అని సాక్ష్యం చెప్పొచ్చు. మందుల షాపు బిల్లు ఉంటే వెతకండి.

అదే రోజు రెండు కాగితాలు పంపండి, స్పీడ్ పోస్టులో, రసీదు దాచుకుని. ఒకటి జిల్లా ఎస్పీ గారికి ఫిర్యాదు, జరిగినదంతా తేదీలు గంటలతో, ఆ తెల్ల కాగితం సంతకం సంగతితో సహా. పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 181 చెబుతుంది, ఇంక ఖాళీ కాగితం సంగతి చెప్పేదేముంది. ఇప్పుడు మీరు రాయకపోతే రేపు దాని మీద 'నా ఇష్టంతో వచ్చాను, నన్ను ఎవరూ ఏమీ అనలేదు' అని పుట్టుకొస్తుంది. అదే ఫిర్యాదులో ఫలానా తేదీల ఫుటేజీ, జనరల్ డైరీ (స్టేషన్లో ఏ రోజు ఏం జరిగిందో రాసే పుస్తకం) భద్రపరచమని విడిగా ఒక పేరా రాయండి. రెండోది అదే ఫుటేజీ కోసం సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజుతో. ఇస్తారని కాదు, అడిగినట్టు రుజువుండటానికి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఆన్‌లైన్లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఫీజు లేదు. అయితే ముందే రాష్ట్ర కమిషన్ ముందు అదే ఫిర్యాదు ఉంటే వాళ్లు తీసుకోరు, ఏదో ఒకటే ఎంచుకోండి.

ఎస్పీ గారి నుంచి కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాలి. ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదు కాబట్టి బీఎన్‌ఎస్‌ఎస్ 175(4) ప్రకారం పై అధికారి రిపోర్టు తెప్పించుకుంటారు, ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాలి. ఈలోగా ఫుటేజీ చెరిగిపోతుందనే భయం ఉంది కాబట్టి దాన్ని కాపాడమని, నష్టపరిహారం ఇప్పించమని అమరావతిలో హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణ కోసం వేసే పిటిషన్) వేయడం మీ విషయంలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని అని నా అభిప్రాయం. కస్టడీలో హక్కుల ఉల్లంఘనకు రిట్‌లోనే పరిహారం ఇవ్వొచ్చని 1993లో నీలావతి బెహరా కేసు నుంచీ స్థిరపడి ఉంది.

మీ యజమాని రాజీకి పిలిచి డబ్బిప్పిస్తానంటే వెళ్లకండి. 120 కింద నేరం రాజీ పడదగ్గది కాదు, పైగా చేతిలో నోట్లు పడ్డాక 'బెదిరించి వసూలు చేశాడు' అనే కేసు మీ మీదే వస్తుంది. ఆయనతో మంచిగానే ఉండండి, కొట్లో పని కూడా మానకండి, ఆయన మెసేజ్ మీ దగ్గరుందని మాత్రం రిట్ వేసేదాకా నోరు జారకండి.

లాయరు ఫీజు ఇచ్చుకోలేనని రాశారు. గుంటూరు జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆదాయ పత్రం పట్టుకెళ్తే అర్హత చూసి ఉచితంగా లాయరుని ఇస్తారు. వెళ్లే ముందు ఏమైనా అడగాలంటే 15100కి ఫోన్ చేయండి.