ఆపరేషన్ బల్ల దాకా రానివాళ్ల లెక్క

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

బృహద్ధమని శస్త్రచికిత్సల ఫలితాలపై పరిశోధన మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పగానే గర్వపడ్డాను. వెంటనే భయమూ వేసింది, ఎందుకంటే కత్తి పట్టిన చేతికి తన లెక్కలు ఎప్పుడూ తనకు అనుకూలంగానే కనిపిస్తాయి.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే కేస్ షీట్లు ముట్టుకో. ఆసుపత్రిలో జరిగిన మరణాలు లెక్కిస్తావో, 30 రోజుల లోపు మరణాలు లెక్కిస్తావో ముందే రాసిపెట్టుకో. 29వ రోజున ఇంట్లో పోయిన మనిషి మొదటి లెక్కలో బతికినవాడే అవుతాడు.

ఇక అసలు సంగతి. 1967 డిసెంబరులో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చిన కొన్నేళ్లలోనే, కొత్త గుండె అందినవాళ్లు అందనివాళ్ల కంటే ఎక్కువ కాలం బతికారని స్టాన్‌ఫర్డ్, హ్యూస్టన్‌ల లెక్కలు చెప్పాయి. అందులోని లొసుగును 1972లో గణాంక శాస్త్రవేత్త మిచెల్ గెయిల్ బయటపెట్టాడు. దాత గుండె కోసం ఎదురుచూస్తూ పోయినవాళ్లంతా అందనివాళ్ల ఖాతాలో పడ్డారు; అందినవాళ్లు ఆ ఎదురుచూపును గట్టెక్కినవాళ్లే కాబట్టి, ఆపరేషన్ వల్ల ఏ మేలూ జరగకపోయినా వాళ్ల ఆయుష్షు ఎక్కువగానే కనిపిస్తుంది. 1977లో క్రౌలీ, హూ అనే గణాంక శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ రోగుల సమాచారాన్ని తిరగదోడి, ఆపరేషన్ రోజు దాకా ప్రతి రోగినీ చేయించుకోనివాళ్లలోనే ఉంచి లెక్కగట్టారు.

పాత కథే కదా అనుకోకు. గుండె దగ్గర బృహద్ధమని లోపలి పొర చీలే జబ్బు, టైప్ ఏ డిసెక్షన్‌కు చికిత్స అందకపోతే తొలి 48 గంటల్లో గంటకు ఒకటి రెండు శాతం మంది పోతారని మేము చదువుకున్నాం. వేరే ఆసుపత్రి నుంచి గంటల తరబడి ప్రయాణించి వచ్చినవాళ్లు నేరుగా వచ్చినవాళ్ల కంటే బాగున్నారని నీ పట్టిక చూపిస్తే, దూరమైనా పెద్ద కేంద్రానికి పంపడమే మేలని రాసేయకు. దారిలో పోయినవాళ్లు నీ పట్టికలో లేరు. నొప్పి మొదలైన వేళ, జబ్బు తేలిన వేళ, కోత పెట్టిన వేళ విడివిడిగా రాయించు. పంపిన ఆసుపత్రి రికార్డులు కూడా అడుగు. ఇవ్వరు, మళ్లీ అడుగు.

ఫోను ఎత్తని రోగిని బతికున్నట్టు రాసే బద్ధకాన్ని మాత్రం నేను క్షమించను. బతికున్నాడని చివరిసారి తెలిసిన తేదీ దగ్గరే అతని లెక్క ఆపు, అలా జాడ తెలియనివాళ్లు ఎందరో వ్యాసంలోనే చెప్పు.

కోప్పడుతున్నాననుకోకమ్మా. రాత్రంతా ఆపరేషన్ చేసి వచ్చి ఈ గడులు నింపడం ఎంత విసుగో నాకు తెలుసు. ముందు తిని, పడుకొని, ఆ తర్వాతే కూర్చో. విశ్లేషణ ప్రణాళికను మాత్రం ఫలితాలు చూడకముందే నాకు పంపు. చూశాక పంపితే చదవను.

నీ పెదనాన్న